అత్తయ్యగారి ముందు పళ్ళు

పళ్ళ డాక్టరు అల్లుడైన ఇంట్లో ఎవరూ నోరారా నవ్వరు. పెళ్ళైన కొత్తలో నేను గదిలోకి అడుగుపెట్టగానే అత్తవారి వైపు వాళ్ళంతా మూతులు బిగించేసేవాళ్ళు. ఎంత మర్యాదస్తులో అని మురిసిపోయాను. తర్వాత తెలిసింది, ఎక్కడ "ఏదీ, ఓసారి 'ఆ' అనండి" అంటానోనని వాళ్ళ భయం. అందరిలోకీ గట్టి మనిషి మా అత్తయ్యగారు. ఇరవై రెండేళ్ళలో ఆవిడ పన్ను ఒక్కటి కూడా నా కంటపడలేదు.

అలాంటావిడ ఆ వేసవిలో నా ఎదుట నోరు తెరవడానికి కారణం ఒక పాత ఫోటో.

తెచ్చింది మా అమ్మాయి. అది డ్రమ్స్ వాయిస్తుంది. డ్రమ్స్ నేర్చుకుంటే లెక్కలు బాగా వస్తాయని ఏదో పేపర్లో చదివి, లెక్కల టీచరైన మా ఆవిడే దాన్ని చిన్నప్పుడు క్లాసులో చేర్పించింది. లెక్కలు రాలేదు. డ్రమ్స్ వచ్చేశాయి. కాలేజీలో ఇంకో నలుగురు ఆడపిల్లలతో కలిసి జాజ్ బ్యాండు పెట్టింది. చుట్టాలడిగితే "ఏదో టీమ్ యాక్టివిటీ అండీ" అని చెప్పేవాళ్ళం. జాజ్ అంటే ఏమిటని అడుగుతారేమోనని మా భయం. మాకూ తెలీదు కదా.

మా టౌన్‌హాలు వాళ్ళు ఏటా ఎండాకాలం చివర్లో వారం రోజులు జాజ్ కచేరీలు పెడతారు. ఆ ఏడు పాత ఫోటోల ప్రదర్శన కూడా పెడుతున్నారట. అందులో ఒకటి అమ్మాయి కాపీ తీయించుకొచ్చి, భోజనాల బల్ల మీద పెట్టింది.

"అమ్మమ్మా, ఇది చూడు. యాభై ఏళ్ళ కిందట మన పెద్ద హోటల్లో వాయించిన బ్యాండు. ఆరుగురు మగాళ్ళు, ఒక్క అమ్మాయి. పాడేదట."

అత్తయ్యగారు కళ్ళజోడు తుడుచుకుని ఫోటో కింద రాసింది చదివారు. "పాడటమా! నేను పాడితే జనం సూపు సగంలో వదిలేసి పోయేవాళ్ళు."

మా ఆవిడ చేతిలో గరిటె గాల్లోనే ఆగింది. "నేనంటే?"

"నేనంటే నేనే. ఈ పిల్ల నేను."

"నువ్వు హోటల్లో టైపిస్టువి కదమ్మా?"

"మీ నాన్నగారి వాళ్ళకి అలా చెప్పాం. రెండిట్లోనూ వేళ్ళ పనే కదా, అబద్ధం ఎలా అవుతుంది అన్నారు మీ తాతయ్య." ఆవిడ మంచినీళ్ళు తాగి, గ్లాసు దింపి, తాపీగా అన్నారు. "సాక్సోఫోన్ వాయించేదాన్ని. ఐదేళ్ళు. రోజూ రెండు పూటలా."

"మరి సాక్సోఫోన్ ఈ మీసాలాయన చేతిలో ఉందే?" అన్నాను. ఇలాంటి సందర్భాల్లో సాక్ష్యాలడగడం అల్లుడి బాధ్యత.

"వాడు బ్యాండు మాస్టారి తమ్ముడు. వాడికి సైకిలు బెల్లు కొట్టడం కూడా రాదు. ఫోటో తీసేరోజు మేనేజరొచ్చి, ఆడపిల్ల చేతిలో అంత బూర ఏం బాగుంటుంది, నువ్వు మైకు పట్టుకో అన్నాడు. పట్టుకున్నాను. బూర వాడికిచ్చాను. మౌత్‌పీస్ మాత్రం ఇవ్వలేదు. నా ఎంగిలిది, వాడి నోట్లో ఎందుకు?"

అమ్మాయి ఫోన్లో ఫోటోని పెద్దది చేసి చూసి, కుర్చీలోంచి లేచి నిలబడింది. "నాన్నా! దీనికి నిజంగానే మూతి లేదు!"

లేదు. మీసాలాయన ఛాతీ విరుచుకుని పట్టుకున్న సాక్సోఫోన్‌కి నోట్లో పెట్టుకునే ముక్కే లేదు. పక్కన మైకు దగ్గర నిలబడ్డ సన్నటి పిల్ల కుడి గుప్పిట గట్టిగా మూసి ఉంది.

అత్తయ్యగారు లోపలికెళ్ళి బొత్తాల డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించారు. రంగురంగుల బొత్తాల మధ్య నల్లగా, వేలంత ముక్క ఒకటి దొర్లింది.

"పెళ్ళి కోసం మానేశావా అమ్మా?" మా ఆవిడ గొంతు అప్పటికే తడిగా ఉంది. ఆవిడ స్కూల్లో మహిళా దినోత్సవానికి ఏటా ఉపన్యాసమిస్తుంది.

"లేదే. హోటలు వాళ్ళు టేప్‌రికార్డరు కొన్నారు. దానికి టీ ఇవ్వక్కర్లేదు, మధ్యలో సెలవడగదు. మమ్మల్నందరినీ ఇంటికి పంపేశారు. పెళ్ళి ఆ తర్వాత. ఖాళీగానే ఉన్నాను కదా అని."

ఉపన్యాసం అక్కడే ఆగిపోయింది.

మర్నాడు అమ్మాయి టౌన్‌హాలు కార్యదర్శి గారి దగ్గరికెళ్ళి, ఫోటో కింద 'గాయని' అని రాసింది తప్పు, ఆవిడ మా అమ్మమ్మ, సాక్సోఫోన్ ఆవిడదే అని చెప్పింది. ఆయన చాలా సానుభూతిగా విన్నారట. ఫ్రేములు కట్టించేశామని, మార్చాలంటే కమిటీ కూర్చోవాలని, కమిటీ కచేరీలైపోయాక కూర్చుంటుందని చెప్పారట. "ఐనా ఆ రోజుల్లో ఆడవాళ్ళు ఊదేవాళ్ళు కాదమ్మా," అని ఓదార్చి మరీ పంపించారట.

అది విని అత్తయ్యగారు బొత్తాలు రంగులవారీగా వేరుచేస్తూ కూర్చున్నారు. అప్పుడే అమ్మాయి అసలు సంగతి బయటపెట్టింది. వాళ్ళ బ్యాండులో సాక్సోఫోన్ పిల్లకి వేరే ఊళ్ళో ఉద్యోగమొచ్చి వెళ్ళిపోయింది. ఆఖరిరోజు సాయంత్రం వీళ్ళ కచేరీ ఉంది. కుర్చీ ఖాళీ.

"ఆరు వారాలుంది అమ్మమ్మా."

"అమ్మకి డెబ్భై రెండేళ్ళొచ్చాయే!" అంది మా ఆవిడ. "నలుగురూ ఏమనుకుంటారు?"

"ఆ నలుగురినీ హాలుకి రమ్మను, అందరూ ఒక్కచోటే అనుకుంటారు," అన్నారు అత్తయ్యగారు. "ఊపిరికేం భయం లేదు. మెట్లెక్కుతూ పోట్లాడగలను. చిక్కల్లా ఇక్కడ." అంటూ నావైపు తిరిగి, ఇరవై రెండేళ్ళ పట్టుదల వదిలేసి, నోరు తెరిచారు. పైన ముందు పళ్ళు రెండూ విడిపోయి, చెరోవైపు చూస్తూ ఊగుతున్నాయి. "వీటిని ఆ మౌత్‌పీస్ మీద ఆనించి ఊదాలి. వీటి ధైర్యమే చాలడం లేదు. చూడు బాబూ, ఏం చేస్తావో."

*

సోమవారం ఆ రెండూ తీసేశాను. పక్క పళ్ళ ఆసరాతో రెండు కొత్తవి తాత్కాలికంగా అతికించాలి, చిగురు మానాక పక్కావి పెట్టాలి. కుర్చీలో పడుకుని ఆవిడ ఒక్కటే అడిగారు.

"పాతవి ఎలా ఉండేవో అలానే పెట్టు నాయనా."

మా వృత్తిలో ఈ మాట రోజూ వింటాం. దీనికి అర్థం, మొహమాటంగా ఉంది, నువ్వే బాగా చెయ్యి అని. పైగా అత్తగారు. పైగా ఉచితం. ఉచితంగా చేసేటప్పుడు మనిషికి కళాభిరుచి పెరుగుతుంది. పాతవాటి వంకరంతా ఊగడం వల్ల వచ్చిందేనని తేల్చేసి, రెండు పళ్ళనీ ఒకే ఎత్తున, సందు లేకుండా, స్నానాలగది పలకల్లా తెల్లగా పేర్చేశాను. అద్దం చూపించి "ఎలా ఉన్నాయండీ?" అన్నాను.

"ఎవరివి?" అన్నారు.

మా ఆవిడ మాత్రం పొంగిపోయింది. వాళ్ళమ్మని కిటికీ దగ్గర నిలబెట్టి, నవ్వమని, ఫోటో తీసి స్టాఫ్‌రూమ్ గ్రూపులో పెట్టింది. పదిహేడుమంది బొటనవేళ్ళు చూపించారు. ముగ్గురు నా ఫోన్ నంబరు అడిగారు. ఆ పూట మా ఇంట్లో నాకు పెరుగు రెండోసారి వడ్డించారు.

పది రోజుల విశ్రాంతి తర్వాత సాధన. మా అపార్ట్‌మెంటు నిబంధనల్లో వాద్యాలు, కుక్కలు, గోడకి మేకులు ఒకే వరసలో నిషేధం. అందుకని మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండుదాకా నా క్లినిక్కులోనే, తలుపులేసి. వెళ్ళిపోయిన పిల్ల వాడిన సాక్సోఫోన్ సంగీతం బడి నుంచి అరువు తెచ్చారు. దానికి తన మౌత్‌పీస్ తగిలించి అత్తయ్యగారు ఊదారు.

బీరువాని గచ్చు మీద ఈడ్చినట్టు ఒక శబ్దం వచ్చింది. తర్వాత, ఆ బీరువా కింద ఎవరిదో కాలు పడ్డట్టు ఇంకోటి.

బయట టోకెన్లిచ్చే మేడమ్ తలుపు సందులోంచి తల పెట్టింది. "సార్, రెండింటి పేషెంట్లు ముందే వచ్చారు. లోపలున్నవాళ్ళకి మత్తు ఇవ్వలేదా అని అడుగుతున్నారు."

"ఇచ్చామని చెప్పండి."

"ఇచ్చినా ఇలాగేనా అంటున్నారు."

మళ్ళీ తొంగిచూసేసరికి ఆరుగురిలో ఇద్దరు మిగిలారు. వాళ్ళలో ఒకాయన తన పన్ను నొప్పి పూర్తిగా తగ్గిపోయిందని, ఇక రాననీ చెప్పి వెళ్ళిపోయాడు.

అత్తయ్యగారు రోజూ వచ్చారు. రోజూ బీరువానే. మౌత్‌పీస్ పళ్ళ కింద జారుతోంది, పెదాల పక్కనుంచి గాలి తప్పించుకుపోతోంది. ఆవిడ తల అటూ ఇటూ వంచి చూశారు, కింది పెదవి మడత మార్చారు, మౌత్‌పీస్‌కి బిగించే రీడు పుల్ల మార్చారు. పళ్ళు మార్చాలేమోనన్న ఆలోచన మాత్రం మా ఇద్దరికీ రాలేదు. నేను చేసిన పని అంత అందంగా ఉంది మరి.

ఇక పన్నెండు రోజులుందనగా ఆవిడ పట్టీ మెడలోంచి తీసి, సాక్సోఫోన్ పెట్టెలో పడుకోబెట్టారు.

"వయసు బాబూ. వేళ్ళన్నీ జ్ఞాపకం పెట్టుకున్నాయి. నోరే మర్చిపోయింది. పిల్లకి నేను చెప్పలేను, నువ్వే చెప్పు. వేరేవాళ్ళని చూసుకోమను."

మౌత్‌పీస్ ఊడదీసి, కడిగి, తుడిచి, అలవాటు లేని మనిషిలా ఎక్కడ పెట్టాలో తెలియక నా పనిముట్ల పళ్ళెంలో చిన్న అద్దం పక్కన పెట్టి వెళ్ళిపోయారు.

రెండింటికి మొదటి పేషెంటు రాలేదు. అప్పటికి మా క్లినిక్కు పేరు ఊళ్ళో అలా పాకింది. ఊరికే కూర్చోలేక ఆ నల్ల ముక్కని లైటు కింద తిప్పి చూశాను. దాని పైభాగంలో రెండు గాట్లున్నాయి. ఐదేళ్ళు, రోజూ రెండు పూటలా, పళ్ళు ఆని ఆని తొలిచిన గాట్లు. ఎడమది లోతుగా ఉంది. కుడిది పైపైన, కాస్త ఏటవాలుగా ఉంది.

బీరువాలోంచి నేను చేసిన పళ్ళ అచ్చు తీసి ఆ గాట్ల మీద పెట్టాను. ఒక కాలు పొట్టైన బల్లలా అటూ ఇటూ ఊగింది.

ఇరవై ఐదేళ్ళ సర్వీసులో జనం నోళ్ళలో నేను చాలా తప్పులు చూశాను. అన్నీ వేరే డాక్టర్లవి.

మైనం వేడిచేసి ఆ గాట్లలో నొక్కి, చల్లారాక తీశాను. రెండు పళ్ళ అంచులు వచ్చాయి. ఒకటి రెండోదానికన్నా ఒక మిల్లీమీటరు కిందకి. రెండోది పొట్టిగా, పక్కింట్లోకి తొంగిచూస్తున్నట్టు కొంచెం తిరిగి. ఊగకముందు, వదులవకముందు, ఇరవై రెండేళ్ళ పిల్ల పళ్ళు. ఆవిడ అడిగినవి అవే.

పళ్ళు తయారుచేసే ల్యాబు అతనికి కొలతలు పంపిస్తే వెంటనే ఫోన్ చేశాడు. "సార్, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి పెట్టారు. పొరపాటేమో."

"కాదు. అలాగే కావాలి."

"అలా చేసి పంపిస్తే నా పేరు పోతుంది సార్. మీదీ పోతుంది."

చివరికి ఆదివారం క్లినిక్కు మూసి నేనే కూర్చుని అరగదీశాను. చెయ్యి మాటిమాటికీ వాటిని సమం చెయ్యబోయేది. చెయ్యి మీద కొట్టుకుని మళ్ళీ వంకర చేసేవాణ్ణి.

సోమవారం ఒంటిగంటకి అత్తయ్యగారిని పిలిపించాను. విషయం తెలిసి మా ఆవిడ కూడా వెంటే వచ్చింది.

"ముత్యాల్లాంటి పళ్ళు తీసేసి ఇవేమిటండీ? స్టాఫ్‌రూమంతా చూసింది! రేపు వాళ్ళకేం చెప్పను?"

"తొందరపడి చేశానని చెప్పు. నా పేరు చెప్పు," అన్నాను.

"అమ్మా, నువ్వైనా చెప్పు. ఎంత అందంగా ఉన్నావో తెలుసా!"

"నెల్లాళ్ళున్నాను కదే అందంగా," అన్నారు అత్తయ్యగారు కుర్చీలో వెనక్కి వాలుతూ. "చాలు. కానీ నాయనా."

గంటలో అయిపోయింది. అద్దం ఇస్తే తీసుకోలేదు. మౌత్‌పీస్ అడిగారు. నోట్లో పెట్టుకున్నారు. పళ్ళు గాట్లలోకి దిగాయి. కదల్లేదు. ఆవిడ కనుబొమలు రెండూ పైకి లేచాయి. మాట్లాడకుండా, నోట్లోంచి తీయకుండానే, చేత్తో సాక్సోఫోన్ ఇటివ్వమని సైగ చేశారు.

మొదటి స్వరం కింది స్థాయిలో వచ్చింది. దాన్నెలా చెప్పాలో నాకు తెలీదు. నా పనిముట్ల పళ్ళెం గలగలమంది. సాక్సోఫోన్ ఆ స్వరం మీదే నిలబడి, దాన్ని వెడల్పు చేసి, అక్కడ్నుంచి మూడు మెట్లెక్కి, పైన ఏదో చూసినదానిలా ఫక్కున నవ్వి కిందికి దూకింది. ఆ సాక్సోఫోన్ నవ్వగలదని అంతకుముందు నాకెవరూ చెప్పలేదు. ఆవిడ ఆపలేదు. ఇరుకు గదిలో, ఉమ్మే గిన్నెకీ ఎక్స్‌రే మిషనుకీ మధ్య నిలబడి, మడమ నేలకేసి కొడుతూ, నలభై ఎనిమిదేళ్ళ సంగతులన్నీ ఒక్కసారే చెప్పాలన్నట్టు ఊదారు.

తలుపు తెరుచుకుంది. టోకెన్ మేడమ్ నిలబడింది. ఆవిడ వెనకాల బుగ్గ వాచిన ఒక పెద్దమనిషి నిలబడి, వాచిన బుగ్గ చేత్తో పట్టుకునే, కాలితో తాళం వేస్తున్నాడు.

మా ఆవిడ బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, పేషెంట్ల బల్ల చివర కూర్చుండిపోయింది.

*

మిగిలిన ఆ కొద్ది రోజులూ మా ఇల్లు ఇల్లులా లేదు. క్లినిక్కు చాలక సంగీతం బడి వాళ్ళ వెనక గది అడిగారు. నేను రెండు పూటలా అమ్మాయిల్ని, వాద్యాల్ని విడతలుగా కారులో తిప్పాను. బేస్ అంటే పిడేలుకి తాతగారు. అది కారులో కూర్చుంటే ఇంకెవరూ కూర్చోలేరు. బేస్ అమ్మాయి బస్సులో వచ్చేది, బేస్ నా పక్కన ముందు సీట్లో వచ్చేది. బెల్టు కూడా పెట్టుకునేది.

అత్తయ్యగారు వాళ్ళకి పాఠాలేమీ చెప్పలేదు. వినేవారు. ఒకసారి ట్రంపెట్ అమ్మాయిని ఆపి, "నువ్వు ఊపిరి దాచుకుంటున్నావే. ఎవరికోసం?" అన్నారు. ఆ పిల్ల మర్నాటినుంచి కిటికీ అద్దాలు అదిరేలా ఊదింది.

టీ తాగేటప్పుడు పాత కబుర్లు. అప్పట్లో ఊళ్ళో మూడు హోటళ్ళలో ముగ్గురు ఆడవాళ్ళు వాయించేవాళ్ళట. ఒకావిడ పియానో. ఇంకో ఆవిడ బేస్. ఆవిడ బేస్ కన్నా జానెడు పొట్టి, స్టూలెక్కి వాయించేది. ముగ్గురికీ ఆదివారం మధ్యాహ్నం ఖాళీ. హోటలు వంటగది వెనక చేరి, ఎవరు ఎవరిని ఓడిస్తారో చూద్దామని వాయించుకునేవాళ్ళు. గిన్నెలు తోమేవాళ్ళే జడ్జీలు.

"ఎవరు గెలిచేవాళ్ళు అమ్మమ్మగారూ?" అంది బేస్ అమ్మాయి.

"స్టూలావిడే. మాకు సిగ్గేసేది."

"ఆవిడ ఫోటో ఏదైనా ఉందా?"

"తీయలేదు," అన్నారు అత్తయ్యగారు. "ఏదీ, నువ్వు వాయించు."

బేస్ అమ్మాయి టీ గ్లాసు పక్కన పెట్టి లేచింది.

*

ఆఖరిరోజు సాయంత్రం హాలు నిండింది. మా అపార్ట్‌మెంటు వాళ్ళు నిబంధనలు పక్కనపెట్టి రెండు వరసలు ఆక్రమించారు. స్టాఫ్‌రూమ్ మొత్తం వచ్చింది. జాజ్ చాలా గొప్ప సంగీతమని పేపర్లో రాశారు కాబట్టి అందరూ పరీక్ష హాల్లో కూర్చున్నట్టు నిటారుగా, దగ్గు కూడా ఆపుకుని కూర్చున్నారు. కార్యదర్శి గారు పక్క మెట్ల దగ్గర కార్యక్రమం కాగితం పట్టుకుని నిలబడ్డారు. మా వాళ్ళకి ఇచ్చింది ఇరవై నిమిషాలు.

నాలుగో పాటలో అత్తయ్యగారి వంతు. పాట ఒకసారి మొదటినుంచి చివరిదాకా తిరిగితే దాన్ని వాళ్ళు ఒక చుట్టు అంటారు. ఆవిడకి రెండు చుట్లు. ఆవిడ లేచి ముందుకొచ్చారు. నేను పళ్ళకేసి తప్ప ఇంకెటూ చూడలేదు. తాత్కాలిక సిమెంటు మీద నాకున్న నమ్మకం గురించి ఇక్కడ రాయను.

ఒక చుట్టు అయింది. నా చొక్కా వీపుకి అంటుకుపోయింది. రెండో చుట్టులో ఆవిడ పైకెక్కారు. డ్రమ్స్ మీద అమ్మాయి ఒక్కో మెట్టుకీ ఒక్కో దెబ్బ వేస్తోంది. అమ్మమ్మ ఎటు దూకితే మనవరాలు అక్కడ ముందే ఉంది. చివరి స్వరం ఆవిడ పొడుగ్గా పట్టుకుని, వదిలి, సాక్సోఫోన్ దించారు.

జాజ్‌లో ఇక్కడ చప్పట్లు కొట్టాలట. పాట ఇంకా నడుస్తూనే ఉంటుంది, ఐనా కొట్టాలట. మా హాల్లో అది ఎవరికీ తెలీదు. తెలిసినవాళ్ళకి ముందు కొట్టే ధైర్యం లేదు. నాలుగొందలమంది చేతులు ఒళ్ళో పెట్టుకుని, పక్కవాడు ఏం చేస్తాడా అని ఓరకంట చూస్తున్నారు.

అత్తయ్యగారు ఆ నిశ్శబ్దాన్ని ఒక్క క్షణం చూశారు. ఆవిడకి అది కొత్తేమీ కాదు. ఐదేళ్ళపాటు చేతుల్లో చెంచాలున్న జనానికి వాయించిన మనిషి. తర్వాతి వంతుకి లేచిన ట్రంపెట్ అమ్మాయికి వేలితో ఆగమని సైగ చేసి, సాక్సోఫోన్ మళ్ళీ ఎత్తారు. మూడో చుట్టు. ఎవరూ అనుకోనిది. పియానో అమ్మాయి కంగారుపడి, వెంటనే అందుకుంది. బేస్ అమ్మాయి కళ్ళు మూసుకుని నవ్వింది. ఆ చుట్టు ముందు రెండింటిలా లేదు. సూటిగా, మనిషి మనిషి పేరూ అడుగుతున్నట్టు, వరస తర్వాత వరస మీదికి వచ్చింది.

ఆ చుట్టు కూడా అయిపోయింది. హాల్లో ఫ్యాన్లు వినిపించాయి.

పక్కన ఒక్కసారిగా చప్పట్ల మోత. ఉలిక్కిపడి చూశాను. మా ఆవిడ. స్కూలు ప్రార్థనలో ముందుగా చప్పట్లు కొట్టిన పిల్లల్ని కళ్ళతోనే కూర్చోబెట్టే మా ఆవిడ, లేచి నిలబడి, బ్యాగు కిందపడినా చూసుకోకుండా కొడుతోంది. స్టాఫ్‌రూమంతా తనవైపే చూస్తోంది. "మా అమ్మ!" అంది వాళ్ళతో, అరిచినట్టు. "సాక్సోఫోన్! మా అమ్మ!"

అంతే. స్టాఫ్‌రూమ్ లేచింది. అపార్ట్‌మెంటు లేచింది. వెనకెక్కడో ఎవరో ఈల కూడా వేశారు. విచారిస్తే మా టోకెన్ మేడమ్ అని తేలింది.

ఆ గోలలో కార్యదర్శి గారు మెట్లెక్కి వేదిక అంచుదాకా వచ్చారు. అత్తయ్యగారికి కనబడేలా చెయ్యి చాపి, చేతివాచీ మీద వేలు పెట్టి రెండుసార్లు తట్టారు.

అత్తయ్యగారు వంగి ఆ వాచీలోకి శ్రద్ధగా చూశారు. టైము చెప్పినందుకు ఆయనకి మర్యాదగా తలూపారు. వెనక్కి తిరిగి, అమ్మాయిలకి ఒక వేలు చూపించి, నాలుగో చుట్టు మొదలుపెట్టారు.